చెయ్యి వచ్చింది, మనిషి ఇంకా రాలేదు

(స్ట్రోక్ వచ్చినవాళ్ళ కుటుంబాల కోసం పెట్టిన మీటింగ్‌లో ఒక సైకాలజిస్ట్ మాట్లాడింది. రికార్డింగ్ విని రాసింది, మాటలు పెద్దగా మార్చలేదు.)

అందరికీ నమస్కారం. వెనకున్నవాళ్ళకి వినపడుతుందా? సరే.

నాకంటే ముందు మాట్లాడిన డాక్టర్ గారు స్ట్రోక్ ఎందుకొస్తుంది, రాగానే ఎంత తొందరగా ఆస్పత్రికి పరిగెత్తాలి అన్నీ చెప్పేశారు కాబట్టి నేను ఆ తర్వాతి కథ చెప్తాను. ప్రాణాపాయం తప్పి, ఇంటికి తీసుకొచ్చేసి, చూడటానికి వచ్చే చుట్టాలు కూడా తగ్గిపోయి, రెండు మూడు నెలలు గడిచాక మొదలయ్యే కథ అన్నమాట. అప్పుడు నా దగ్గరకి వచ్చే కుటుంబాలు దాదాపు అందరూ ఒకే మాట అంటారండి. "మేడం, చెయ్యి వచ్చింది, కర్ర పట్టుకుని నడుస్తున్నారు, బీపీ కంట్రోల్‌లో ఉంది, కానీ మా మనిషి మాత్రం ఇంకా రాలేదు." డిశ్చార్జ్ కాగితంలో ఏ మందు ఎప్పుడు వెయ్యాలో ఉంటుంది, ఫిజియోథెరపీ ఎన్నిసార్లో ఉంటుంది, ఈ మనిషి రాకపోవడం గురించి ఒక్క లైను ఉండదు. దాంతో ఇంట్లోవాళ్ళు వాళ్ళకి తోచిన పేర్లు పెట్టేసుకుంటారు. మొండితనం, బద్ధకం, నాటకం, ముసలితనం, పెళ్ళాం అంటే లెక్కలేనితనం. పేరు ఏది పెడితే మన ప్రవర్తన దాన్నిబట్టే ఉంటుంది కదా, బద్ధకం అనుకుంటే తిడతాం, నాటకం అనుకుంటే పట్టించుకోం. ఇవాళ నేను చేసేదల్లా ఆ పేర్లు మార్చడమే.

ముందు ఒక్క నిమిషం అసలు విషయం. మెదడు బరువు మన ఒంటి బరువులో 2 శాతం, కానీ మనం పీల్చే ఆక్సిజన్‌లో 20 శాతం అదే తినేస్తుంది, దాచుకోవడం మాత్రం చేతకాదు దానికి, ఏ నిమిషానికి ఆ నిమిషం రక్తం రావాల్సిందే. పెద్ద రక్తనాళం మూసుకుపోయి వైద్యం అందకపోతే నిమిషానికి దాదాపు 19 లక్షల నాడీకణాలు పోతాయని లెక్క కట్టారు 2006లో. ఇప్పుడు, చెయ్యి కదిలించే భాగానికి, మాట మాట్లాడే భాగానికి, కోపాన్ని ఆపుకునే భాగానికి, "లే, లేచి ఆ పని చెయ్యి" అని మనల్ని తోసే భాగానికి ఎవరి పైపులైను వాళ్ళకి విడిగా లేదండి, ఒకే నాళం కొమ్మలు వీటిలో చాలావాటికి వెళ్తాయి. చెయ్యి పడిపోయిన మనిషికి చెయ్యి ఒక్కటే పడిపోయిందనుకోవడం మన కంటి లోపం. కొన్నిసార్లు తిరగబడి కూడా ఉంటుంది, మెదడు మధ్యలో థలామస్ అని చిన్న భాగం ఉంది, అక్కడ సరిగ్గా ఒక చోట చిన్న గడ్డ అడ్డుపడితే చెయ్యి కాలు శుభ్రంగా ఉంటాయి, మనిషికి మాత్రం పొద్దున జరిగింది సాయంత్రానికి గుర్తుండదు. బయటినుంచి చూసేవాళ్ళు "అదృష్టవంతుడివి, ఏమీ కాలేదు నీకు" అంటారు.

నా తప్పు ఒకటి చెప్తాను, దాంతోనే మొదలుపెట్టాలి నేను. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒకాయన్ని చూడమన్నారు. పెద్దాయన, ఎడమవైపు పడిపోయింది, మంచంలో కూర్చోబెట్టారు. నేను కుర్చీ లాక్కుని ఎడమవైపు కూర్చుని ప్రశ్నలు అడుగుతున్నా. ఆయన నా మొహం చూడరు, కుడివైపు ఖాళీ గోడకేసి చూస్తూ ముక్తసరిగా ఏదో అంటారు, కాగితం ఇస్తే ముట్టుకోరు. అరగంట అయ్యాక నేను ఫైల్లో "సహకరించడం లేదు" అని రాసేసి వచ్చేశాను. మర్నాడు నాతోపాటు మా సీనియర్ వచ్చారు, ఆవిడ ఏమీ అనకుండా కుర్చీ తీసుకెళ్ళి కుడివైపు వేసుకున్నారు. అంతే, ఆయన చక్కగా నవ్వి, "రండమ్మా, నిన్న ఎవరో పిలుస్తున్నారు గానీ మనిషి కనపడలేదు" అన్నారు. ఆయన సహకరించకపోవడం కాదు, నేను ఉన్న వైపు ఆయన ప్రపంచంలోనే లేదు! ఆ ఫైల్లో నా రాత అలాగే ఉండిపోయింది, ఆ తర్వాత వచ్చిన ఇద్దరు ముగ్గురు దాన్నే చదువుకుని ఆయన్ని ఆ దృష్టితోనే చూశారు, అది నాకు ఇప్పటికీ ముల్లులా ఉంటుంది.

దీన్ని నెగ్లెక్ట్ అంటారు, ఆ పేరు వింటే నిర్లక్ష్యం అనిపిస్తుంది, పేరు పెట్టినవాళ్ళకి ఇంకేం దొరకలేదేమో. కుడి మెదడు, ముఖ్యంగా వెనక పైభాగం దెబ్బతిన్నప్పుడు ఎక్కువ కనపడుతుంది. కంటిచూపు సమస్య కాదు ఇది, చూపు బాగున్నా జరుగుతుంది, ఆ వైపుకి ధ్యాస వెళ్ళదు. ప్లేటులో కుడి సగం తిని ఇంకేం లేదా అంటారు, ప్లేటు తిప్పిపెడితే మళ్ళీ తింటారు. గడ్డం కుడి చెంప మీదే గీసుకుంటారు. గడియారం బొమ్మ వెయ్యమంటే పన్నెండు అంకెలూ కుడివైపే ఇరికించేస్తారు. గుమ్మానికి ఎడమ భుజం గుద్దుకుంటూనే ఉంటారు.

1978లో ఇటలీలో బిసియాక్, లుజ్జాటి అని ఇద్దరు ఒక పరీక్ష చేశారు, నాకు చాలా ఇష్టమైన పరీక్ష అది. మిలాన్ నగరంలో పెద్ద చర్చి ముందు ఒక కూడలి ఉంది, ఆ ఊరివాళ్ళందరికీ కొట్టినపిండి. ఈ సమస్య ఉన్న పేషెంట్లని కళ్ళ ముందు ఏమీ పెట్టకుండా, "మీరు కూడలికి ఈ చివర నిలబడి చర్చి వైపు చూస్తున్నారనుకోండి, ఏమేం కనపడుతున్నాయో చెప్పండి" అన్నారు. వాళ్ళు కుడివైపున్న భవనాలే చెప్పారు, ఎడమవైపువి వదిలేశారు. "సరే, ఇప్పుడు చర్చి మెట్ల మీద నిలబడి ఇటు తిరిగి చూస్తున్నారనుకోండి" అన్నారు. ఇందాక వదిలేసిన భవనాలన్నీ ఇప్పుడు వరసగా చెప్పారు, ఇందాక చెప్పినవి మాయమైపోయాయి! అంటే జ్ఞాపకంలో కూడలి మొత్తం ఉంది, ఊహలో కూడా ఎడమవైపుకి చేరలేకపోతున్నారు. ఇంత లోతైన విషయాన్ని మనం ఇంట్లో "పక్కనే ఉన్న గ్లాసు కనపడట్లేదా, కళ్ళు పోయాయా" అని తేల్చేస్తాం.

ఇంకోటి ఉంది, 1988లో మార్షల్, హాలిగన్ అని ఇంగ్లండ్‌లో చేశారు. ఒకావిడకి రెండు ఇళ్ళ బొమ్మలు చూపించారు, ఒకదానికి ఎడమవైపునుంచి మంటలొస్తున్నాయి. తేడా ఏమైనా ఉందా అంటే లేదు, రెండూ ఒకటే అంది. పోనీ ఏ ఇంట్లో ఉంటావు అంటే, ఇదేం పిచ్చి ప్రశ్న అంటూనే ఎక్కువసార్లు మంటల్లేని ఇంటినే ఎంచుకుంది. లోపల ఎక్కడో తెలుసు, ఆ తెలిసింది పైకి రాదు. "తెలిసీ చేస్తున్నాడా తెలియక చేస్తున్నాడా" అని నన్ను అడుగుతుంటారు చూడండి, ఆ రెండింటికీ మధ్యలో ఇంత చోటుందని ఎవరూ అనుకోరు.

దీని పక్కనే ఉండేది ఇంకొకటి, తన జబ్బు తనకి తెలియకపోవడం. 1914లో బాబిన్‌స్కీ అని ఫ్రెంచ్ డాక్టర్ దీనికి అనోసోగ్నోసియా అని పేరు పెట్టాడు, అరికాలు మీద గీసి చూస్తారే డాక్టర్లు, ఆ పరీక్ష కూడా ఈయన పేరుతోనే ఉంది. ఎడమ చెయ్యి కదలదు, "చెయ్యి ఎత్తండి" అంటే "ఎత్తాగా" అంటారు. ఈ చెయ్యి ఎవరిది అంటే డాక్టరుది అనేవాళ్ళు కూడా ఉన్నారు. అబద్ధం కాదు అది, బుకాయింపూ కాదు, ఆ చెయ్యి సంగతి మెదడుకి చేరవేసే వ్యవస్థే పోయింది. అమెరికా ప్రెసిడెంట్ ఉడ్రో విల్సన్‌కి 1919 అక్టోబర్‌లో పెద్ద స్ట్రోక్ వచ్చి ఎడమవైపు పడిపోయింది. నెలల తరబడి చాలామందిని దగ్గరికి రానివ్వలేదు, ఏ కాగితం ఆయన దాకా వెళ్ళాలో భార్య ఎడిత్ చూసుకునేది. ఆయన మాత్రం పదవిలోంచి తప్పుకోలేదు, తను లేకుండా కేబినెట్ మీటింగులు పెట్టాడని 1920 ఫిబ్రవరిలో విదేశాంగ మంత్రి చేత రాజీనామా చేయించాడు, పైగా మూడోసారి పోటీ చేద్దామనే ఆశ కూడా పెట్టుకున్నాడు. అందులో రాజకీయం ఎంత, మెదడు దెబ్బ ఎంత అని చరిత్రకారులు కొట్టుకుంటూనే ఉన్నారు, నాకైతే మా వార్డు గుర్తొస్తుంది. అలాంటి మనిషితో వాదించి గెలవలేం. "నీకు రాదు, నువ్వు చెయ్యలేవు" అని రోజూ రుజువు చెయ్యడం మానేసి, లేచేటప్పుడు మనిషి పక్కన ఉండేలా, పడకుండా చూసుకోవడమే. మొదటి కొన్ని వారాల్లో చాలామందిలో ఇది దానంతటదే తగ్గుతుంది.

నెగ్లెక్ట్‌కి ఇంట్లో ఏం చెయ్యాలి అంటే, మాట్లాడేటప్పుడు మొదట్లో కుడివైపునుంచి, కొంచెం కోలుకున్నాక మెల్లగా ఎడమవైపుకి లాగుతూ. చదివేటప్పుడు పేజీకి ఎడమ అంచున ఎర్ర రంగు గీత గీసి "ఆ గీత కనపడేదాకా తల తిప్పండి" అని అలవాటు చేయించడం. కాల్ బెల్లు, నీళ్ళు, ఫోను లాంటివి మాత్రం కుడివైపే ఉండాలి, అక్కడ ప్రయోగాలొద్దు. డ్రైవింగ్ అయితే నెగ్లెక్ట్ ఉన్నంతకాలం తాళాలు దాచెయ్యండి, గొడవైనా సరే.

ఇప్పుడు బద్ధకం దగ్గరికి వద్దాం. ఇంట్లో చిచ్చుపెట్టేది ఎక్కువగా ఇదే. స్ట్రోక్ వచ్చినవాళ్ళలో సుమారు మూడోవంతు మందికి డిప్రెషన్ వస్తుంది. సుమారు మూడోవంతు మందికి అపథీ అనేది వస్తుంది. రెండూ కలిసి ఉండొచ్చు, కానీ రెండూ ఒకటి కాదు. డిప్రెషన్ ఉన్న మనిషి బాధపడుతుంటాడు. "మీకు భారమైపోయాను, నన్నెందుకు బతికించారు" అంటాడు, తెల్లవారుజామునే మెలకువ వచ్చేస్తుంది, ఏడుస్తాడు. అపథీ ఉన్నాయన్ని ఎలా ఉన్నారండీ అని అడగండి, "బాగానే ఉన్నా" అంటాడు, నిజంగానే అంటాడు. పొద్దున కుర్చీలో కూర్చోబెడితే మధ్యాహ్నం దాకా అక్కడే, టీవీ ఆపేసినా అటే చూస్తుంటాడు, దాహమేసినా లేవడు. లోపల స్టార్టర్ పోయింది, ఇంజిన్ బాగానే ఉంది. మెదడు ముందుభాగం, దాని అడుగునున్న బేసల్ గాంగ్లియా, వీటి మధ్య తీగలు తెగితే అలా అవుతుంది.

స్టార్టర్ పోయిన బండిని ఏం చేస్తాం, తోస్తాం. "నడకకి వెళ్దామా?" అని అడక్కండి, అడిగితే "తర్వాత" అనే వస్తుంది, తర్వాత అనేది ఎప్పటికీ రాదు. చెప్పులు తెచ్చి కాళ్ళ దగ్గర పెట్టి చెయ్యి పట్టుకుని "పదండి" అంటే లేస్తారు, నాలుగు అడుగులు వేశాక బాగానే నడుస్తారు, అప్పుడు ఇంట్లోవాళ్ళకి ఇంకా మండుతుంది, "చూశారా, వచ్చు, కావాలనే చెయ్యట్లేదు" అని. చెయ్యడం వచ్చండి, మొదలుపెట్టడం రాదు. రోజూ ఒకే టైముకి ఒకే పని, ఫోనులో అలారం, గోడ మీద పెద్ద అక్షరాలతో చార్టు, ఇలా బయటినుంచి తోపు ఇవ్వాలి. డిప్రెషన్ మాత్ర వేస్తే అపథీ పోతుందనుకుని నెలల తరబడి వేసి "పనిచెయ్యలేదు" అని అన్నీ మానేసేవాళ్ళున్నారు. అసలు డిప్రెషన్‌కి మాత్రం మందు పనిచేస్తుంది, కౌన్సెలింగ్ పనిచేస్తుంది. దాన్ని వదిలేస్తే ఫిజియోథెరపీ కూడా ముందుకు సాగదు, ఎవరికోసం చెయ్యాలి ఆయన? చచ్చిపోతే బాగుండు అనే మాట ఒక్కసారి విన్నా "అలా అనకూడదు" అని నోరు మూయించకండి, కూర్చుని అడగండి, డాక్టరుకి అదేరోజు చెప్పండి. మాట పోయినవాళ్ళు ఆ మాట కూడా అనలేరు కాబట్టి వాళ్ళ విషయంలో నిద్ర, ఆకలి, మొహం తిప్పేసుకోవడం, థెరపీకి రానని మొండికెయ్యడం, ఇవి చూసుకోవాలి.

ఏడుపు గురించి కూడా చెప్పాలి. ఎవరో పాత స్నేహితుడు ఫోన్ చేసి హలో అంటాడు, అంతే భోరుమని ఏడుపు. లేదా చావు కబురు చెప్తుంటే నవ్వు. ఒకాయన రాత్రి వార్తలు చదివే అమ్మాయి "నమస్కారం" అనగానే ఏడ్చేసేవాడు, ఇంట్లోవాళ్ళు టీవీయే తీసేశారు పాపం. (నవ్వులు) మీరు నవ్వారు, ఆయన కూడా నాకు చెప్తూ నవ్వాడు, నవ్వుతూనే మళ్ళీ ఏడ్చాడు. అది దుఃఖం కాదండి. ఏడుపుకీ నవ్వుకీ మెదడులో ఒక బ్రేకు ఉంటుంది, ఆ బ్రేకు అరిగిపోయింది, ఎమోషనలిజం అంటారు, మొదటి ఆరు నెలల్లో సుమారు ఐదుగురిలో ఒకరికి ఉంటుంది. క్షణాల్లో వస్తుంది, క్షణాల్లో పోతుంది. చుట్టూ చేరి "ఏమైంది, ఎందుకేడుస్తున్నావు, మేమేం తక్కువ చేశాం" అని ఓదార్చడం మొదలుపెడితే ఇంకా పెరుగుతుంది. ఒక్కసారి ఆగి, మామూలుగా మాట మార్చెయ్యండి, లేదా ఆయన్ని లెక్కలు పెట్టమనండి, ఊపిరి నెమ్మదిగా వదలమనండి. మరీ ఎక్కువగా ఉంటే డిప్రెషన్‌కి వాడే మాత్రలే తక్కువ మోతాదులో దీనికి బాగా పనిచేస్తాయి. దగ్గు మందుల్లో ఉండే డెక్స్‌ట్రోమెథార్ఫాన్‌ని క్వినిడిన్‌తో కలిపిన మాత్రకి అమెరికాలో 2010లో ఇందుకోసమే అనుమతిచ్చారు. దగ్గు టానిక్ కొనుక్కుని తాగకండి మళ్ళీ, నేను చెప్పానని. (నవ్వులు)

మాట గురించి విడిగా ఒక రోజు పెట్టారు కాబట్టి కొంచెమే చెప్తాను. మాట పోవడాన్ని అఫేజియా అంటారు, మొదట్లో మూడోవంతు మందికి ఉంటుంది, కుడిచేతి వాటం ఉన్నవాళ్ళలో 90 శాతం పైన మాట ఎడమ మెదడులో ఉంటుంది కాబట్టి కుడి చెయ్యీ మాటా తరచుగా కలిసి పోతాయి. 1861లో పారిస్‌లో పాల్ బ్రోకా చూసిన పేషెంట్ ఇరవై ఏళ్ళకి పైగా ఆస్పత్రిలో ఉన్నాడు, ఏం అడిగినా "టాన్, టాన్" అనేవాడు, అందరూ ఆయన్ని టాన్ అనే పిలిచారు. ఇక్కడ రెండు తప్పులు చేస్తారు మనవాళ్ళు. గట్టిగా అరుస్తారు, చెవుడేమీ లేదు అవతలివాళ్ళకి. లేదా చంటిపిల్లాడితో మాట్లాడినట్టు మాట్లాడతారు. మాట పోయిందంటే తెలివి పోయిందని కాదు. అవును అనబోయి కాదు అనేస్తారు, భార్యని అమ్మా అంటారు, చెప్పాలనుకున్నది ఒకటి నోట్లోంచి వచ్చింది ఒకటి. బూతులు మాత్రం స్పష్టంగా వస్తాయి! జీవితంలో తిట్టు నోటివెంట రాని మనిషి ఇప్పుడు తిడుతున్నాడని ఇంట్లో తలదించుకుంటారు. తిట్లు, అంకెలు, ప్రార్థనలు, పాటలు, ఇవి ఆలోచించి కూర్చుకునే మాటలు కావు, మొత్తం ముద్దగా ఉండిపోయేవి, అందుకే మిగిలిపోతాయి. పాట మిగులుతుందన్న దాన్ని పట్టుకునే 1973లో రాగయుక్తంగా మాట నేర్పే థెరపీ ఒకటి తయారుచేశారు.

స్వీడన్ కవి టొమాస్ ట్రాన్స్‌ట్రోమర్ ఉన్నాడు, ఆయన వృత్తిరీత్యా సైకాలజిస్ట్, మా జాతే. 1990లో స్ట్రోక్ వచ్చింది, కుడివైపు పోయింది, మాట దాదాపు పోయింది. ఎడమ చేత్తో పియానో వాయించేవాడు, ఒంటిచేత్తో వాయించడానికి ఆయన కోసం కొత్త స్వరాలు కట్టిచ్చినవాళ్ళున్నారు. ఆ తర్వాత కూడా కవిత్వం అచ్చయింది, 2011లో నోబెల్ వచ్చింది. నేను మీ ఇంట్లో ఆయన కూడా కవిత్వం రాస్తాడని చెప్పట్లేదు, అలాంటి ఆశలు అమ్మడం నాకిష్టం లేదు. పలకలేని మనిషి లోపల ఎంత ఉండొచ్చో చెప్పడానికి చెప్తున్నా, మీరు ఆయన ముందే "ఈయనకేం అర్థం కాదులే" అని ఫోన్లో చెప్తుంటారే, అప్పుడు గుర్తుచేసుకోండి.

మీ మొహాలు చూస్తుంటే కోపం గురించి ఎప్పుడు చెప్తుందా అని ఉన్నట్టుంది. కోపానికి కారణం ఒకటి కాదు. నుదురు వెనకుండే భాగం దెబ్బతింటే ఆపుకునే శక్తి తగ్గుతుంది, మనసులో అనుకున్నది నోట్లోంచి వచ్చేస్తుంది, కోడలి ముందు అనకూడనిది అనేస్తారు. అలసట, నొప్పి, ఇంట్లో మోత, చెప్పింది ఎవరికీ అర్థం కాకపోవడం, ఇవన్నీ దాని మీద పెట్రోలు. కర్ట్ గోల్డ్‌స్టీన్ అని జర్మన్ న్యూరాలజిస్ట్, మొదటి ప్రపంచ యుద్ధంలో తలకి దెబ్బ తగిలిన సైనికుల్ని ఏళ్ళ తరబడి చూసినాయన, ఒక విషయం గమనించాడు. చిన్న పని ఇస్తారు, చొక్కా గుండీ లాంటిది, అది చెయ్యలేనని మనిషికి తెలిసిన క్షణంలో ఒక్కసారిగా విరుచుకుపడతాడు, విసిరేస్తాడు, ఏడుస్తాడు. పైకి కోపం, లోపల భయం. కాబట్టి గొడవ జరిగాక దేని మీద అరిచాడు అని కాకుండా దానికి అయిదు నిమిషాల ముందు ఏం జరుగుతోంది అని రాసుకోండి, పదిరోజులు రాస్తే మీకే దొరుకుతుంది. అయితే ఒక మాట, చెయ్యి చేసుకునేదాకా వస్తే "పాపం మెదడు దెబ్బ" అని భరించక్కర్లేదు, గది బయటికి రండి, డాక్టరుకి చెప్పండి. ఇంకో మాట, అన్నీ స్ట్రోక్ ఖాతాలో వెయ్యకండి. ఒకావిడతో ఇదంతా అరగంట చెప్పాను, ఆవిడ ఓపిగ్గా విని "మేడం, ఈయన పెళ్ళైన దగ్గర్నుంచీ ఇంతే" అంది. (నవ్వులు)

డబ్బు విషయం త్వరగా. ప్లాన్ చెయ్యడం, ఒకదాని తర్వాత ఒకటి పెట్టుకోవడం, మోసం పసిగట్టడం, ఇవి దెబ్బతిన్న మనిషి నా గదిలో ప్రశాంతంగా కూర్చుని పరీక్ష పాసైపోతాడు, ఇంటికెళ్ళి ఫోన్లో ఎవరో అడిగితే ఓటీపీ చెప్పేస్తాడు. ఖాతాలు లాగేసుకోవద్దు, అవమానం అది. పెద్ద మొత్తాలకి ఇద్దరి సంతకం, ఫోన్లో లిమిట్, చేతి ఖర్చు ఆయన దగ్గరే. పరీక్ష అంటే గుర్తొచ్చింది, జ్ఞాపకం, ఆలోచన ఎలా ఉన్నాయో చూసేది మోకా అని 30 మార్కులది 2005 నుంచి వాడుతున్నారు, 26 గానీ అంతకంటే ఎక్కువ గానీ వస్తే మామూలు అంటారు. చదువు తక్కువున్నవాళ్ళకీ, మాట పోయినవాళ్ళకీ ఆ మార్కులు చూసి కంగారుపడొద్దు, సగం ప్రశ్నలు మాట మీదే ఉంటాయి.

బాగవుతుందా అని ఎలాగూ అడుగుతారు. మొదటి మూడు నెలల్లో ఎక్కువ మార్పు ఉంటుంది, తర్వాత నెమ్మదిస్తుంది, ఆగిపోదు. పోయిన జ్ఞాపకశక్తిని తెచ్చే మాత్ర లేదు, ఉందని అమ్మితే కొనకండి. డైరీ, అలారం, ప్రతి వస్తువుకీ ఒకే చోటు, ఇవే మందు. మొదటి స్ట్రోక్ తర్వాత పదిమందిలో సుమారు ఒకరికి కొత్తగా డిమెన్షియా, అంటే జ్ఞాపకం, ఆలోచన దెబ్బతినే జబ్బు, వస్తుంది, మళ్ళీ స్ట్రోక్ వస్తే అది మూడోవంతు దాటుతుంది, అందుకని బీపీ మాత్ర మానకపోవడమే మనం మెదడుకి చేసే పెద్ద సాయం. ఇంకా, నెలలుగా ఒకలా ఉన్న మనిషి ఒకటి రెండు రోజుల్లో తేడాగా అయిపోయి, పగలు నిద్ర, రాత్రి కలవరింతలు, ఎవరినీ గుర్తుపట్టకపోవడం మొదలైతే అది "స్ట్రోక్ వల్లే" అని కూర్చోకండి. ఇన్ఫెక్షన్ కావచ్చు, ఒంట్లో సోడియం పడిపోయి ఉండొచ్చు, ఫిట్స్ కావచ్చు, ఇంకో స్ట్రోక్ కావచ్చు, వెంటనే ఆస్పత్రికి.

సరే, ప్రశ్నలు. అక్కడ... ఆ మూడో వరసలో, మీరమ్మా.

"మా నాన్నగారు డాక్టర్ ముందు చక్కగా మాట్లాడతారు, ఇంటికొచ్చాక మమ్మల్ని ఏడిపిస్తారు. మరి అది కావాలని కాదా?"

ఇది రోజూ వింటాను. డాక్టర్ దగ్గర పది నిమిషాలు, కొత్త చోటు, ఒకే మనిషి ఒకే ప్రశ్న అడుగుతాడు, ఉన్న శక్తంతా కూడగట్టి నిలబెట్టుకుంటారు. ఇంటికొచ్చేసరికి అది అయిపోతుంది. మనం కూడా ఆఫీసులో నవ్వి ఇంట్లో కసురుకుంటాం కదా, ఆయన దగ్గర ఆ నిల్వ తక్కువ, అంతే తేడా. మీరొక పని చెయ్యండి, వారం రోజులు ఇంట్లో జరిగింది ఒక కాగితం మీద రాసి లోపలికి వెళ్ళకముందే డాక్టరుకి ఇవ్వండి, నాన్నగారి ముందు చదవద్దు. మీరెలా ఉన్నారు అసలు? నిద్రపోతున్నారా? ...లేదు కదా. వారంలో ఒక పూట ఇంకెవరికైనా అప్పగించండి, అన్నయ్యో తమ్ముడో ఉంటే మొహమాటం లేకుండా అడగండి, వాళ్ళకీ నాన్నే.

ఇంకెవరు? ఆ చివర... మీకే వచ్చిందా స్ట్రోక్? మైక్ ఆయనకి ఇవ్వండి. తొందరేం లేదు, నెమ్మదిగా చెప్పండి.

"నాకు... ఏడాది అయింది. అందరూ బాగానే ఉన్నావ్ అంటారు. నడుస్తా. మాట్లాడతా. కానీ ఇద్దరు ఒకేసారి మాట్లాడితే... తల పనిచెయ్యదు. సాయంత్రానికి... అయిపోతా. ఆఫీసులో నమ్మట్లేదు."

చూశారా, నేను ఇంతసేపు మాట్లాడి దీన్ని వదిలేశాను. అలసట. సుమారు సగం మందికి ఉంటుంది, చిన్న స్ట్రోక్ వచ్చి పూర్తిగా కోలుకున్నవాళ్ళకి కూడా, ఏళ్ళు ఉండొచ్చు. పని చేస్తే వచ్చే అలుపు కాదు, పడుకుంటే పూర్తిగా పోదు. ఇదివరకు దానంతటదే జరిగిపోయే పని, ఒక గొంతు విని ఇంకో గొంతు పక్కన పెట్టడం లాంటిది, ఇప్పుడు ఈయన మెదడు కష్టపడి చేస్తోంది. మీరు అబద్ధం చెప్పట్లేదండి. థైరాయిడ్, రక్తహీనత, నిద్రలో గురక, డిప్రెషన్, మందుల మత్తు ఉన్నాయేమో ఒకసారి చూపించుకోండి, వాటికి వైద్యం ఉంది. మిగతాది రోజుని ముక్కలు చేసుకోవడం. బుర్ర పెట్టాల్సిన పని పొద్దున, పూర్తిగా అలసిపోకముందే పావుగంట కళ్ళు మూసుకుని కూర్చోవడం, బాగున్న రోజున రెండు రోజుల పని చేసేసి మర్నాడు పడిపోకుండా చూసుకోవడం. ఆఫీసుకి కావాలంటే కాగితం రాసిస్తాను, మీటింగులో ఒకేసారి ఒకరే మాట్లాడాలని, మధ్యాహ్నం విరామం ఇవ్వాలని.

ఇక్కడ మీరు వచ్చి ఎంతసేపైంది? రెండు గంటలా? ఈ మైకులు, ఈ నవ్వులు, పక్కన గుసగుసలు... మీ ఆవిడ వచ్చారా, ఆ, అమ్మా, మీరు ఆయన్ని ఇప్పుడే తీసుకెళ్ళిపోండి, మిగతా ప్రశ్నలు రికార్డింగ్‌లో వినొచ్చు. నా నంబర్ బయట టేబుల్ దగ్గరుంది. లేవండి, మేం ఏమీ అనుకోం. ఆ తలుపు దగ్గరున్నవాళ్ళు కొంచెం దారివ్వండి.